పెద్దల నోటి మాట కూడా ఆధారమే

చరిత్రకు ఆధారాలు రెండు రకాలని మనం చదువుకున్నాం. సంఘటనను చూసినవారు, అందులో ఉన్నవారు ఇచ్చినవి ప్రాథమిక ఆధారాలు. వాటిని చూసి తర్వాతివారు రాసినవి ద్వితీయ ఆధారాలు. శాసనం, ఫర్మానా అంటే అందరూ ఒప్పుకుంటారు. చదువురాని అవ్వ మాట కూడా ఆధారమే అంటే మాత్రం క్లాసులో నవ్వుతారు. మా ఇండ్లలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. పాత కాగితం వెదికితే మహా అయితే పట్టా పాసుబుక్కు దొరుకుతుంది. కాగితమే చరిత్ర అయితే మనవాళ్లు చరిత్రలో లేనట్టే గదా!

రెండవ ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడలు నడిపిన నావికుల సంగతి చూడండి. ఓడ ఎప్పుడు, ఎక్కడ మునిగిందో రికార్డుల్లో ఉంటుంది. చిన్న పడవలో నీళ్లు లేక ఎట్లా గడిపారో బతికి వచ్చినవారే చెప్పాలి. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం అటువంటి గొంతులను రికార్డు చేసి దాచింది. బ్రిటిష్ ఓడల్లో పనిచేస్తూ వేలమంది భారతీయ లస్కర్లు కూడా చనిపోయారు. బతికినవారి మాటలు మాత్రం చాలా తక్కువగా మిగిలాయి.

మన పక్క నల్లగొండలో 1946 నుండి 1951 వరకు సాయుధ పోరాటం జరిగింది. పుచ్చలపల్లి సుందరయ్య వంటి నాయకులు దాని మీద గ్రంథాలు రాశారు. దళాల్లో తిరిగిన ఆడవారిని కూర్చోబెట్టి అడిగింది స్త్రీ శక్తి సంఘటన. 1986లో "మనకు తెలియని మన చరిత్ర" పేరుతో వారి మాటలు అచ్చయ్యాయి. దళంలో ఉండగా కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ గోడు అందులో ఉంది. పోరాటం ఆగాక తిరిగి వంటింటికే పొమ్మన్నారన్న బాధ కూడా ఉంది. ఏ పోలీసు రికార్డులో దొరుకుతుంది ఇది? మా దృష్టిలో ఆ పుస్తకం పాఠ్యపుస్తకంతో సమానం.

అయితే చెప్పినదంతా అట్లాగే రాసుకోరాదు. నలభై ఏండ్ల తర్వాత చెప్పే మాటలో తర్వాతి రాజకీయాలు, విన్న కథలు కలుస్తాయి. మల్లు స్వరాజ్యం 1986 పుస్తకంలోనూ మాట్లాడారు, 2019లో ఆమె ఆత్మకథ కూడా వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఏది నిలిచిందో, ఏది మారిందో పట్టుకోవచ్చు. తేదీల్లో జ్ఞాపకం బలహీనం. ఆకలి, భయం, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు తలుపు వేసుకున్నారు - వీటిలో గట్టిది.

నారాయణపేట పల్లెల్లో రజాకార్ల కాలం చూసినవారు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. 1948లో పదేండ్లున్నవారికి ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. సెలవుల్లో పోయినప్పుడు అడగండి. "ఏ సంవత్సరం?" అంటే చెప్పలేరు. "యూనియన్ మిలటరీ రాకముందా, వచ్చినాకనా?" అనండి. అది 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగింది గనుక లెక్క తేలుతుంది. ఒక్కరి మాటతో ఆగక, అదే సంగతి ఇంకో వాడకట్టులో, ఇంకో కులంవారిని కూడా అడగండి. మాటల్లో కన్నడమో, మరాఠీయో కలిస్తే దిద్దవద్దు. చెప్పినవారి ఊరు, వయసు, మీరు అడిగిన తేదీ పైన రాయండి. వారు చెప్పకుండా ఊరుకున్న ప్రశ్నను కూడా రాసి, ఎదురుగా ఖాళీ వదలండి.