పోటీ పరీక్షల ప్రత్యేకం: పర్యావరణం – శాస్త్రం, కళ, సాంకేతికత (పత్తికొండ ప్రాంతం)

ఎర్రగుడి: పత్తికొండ–గుత్తి దారిలో ఉంది. అశోకుని 14 ప్రధాన శిలాశాసనాలు, లఘు శాసనం ఒకేచోట ఉన్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి (సర్పలేఖనం: తప్పక చదవాలి). గుర్తించింది భూగర్భ శాస్త్రవేత్త అను ఘోష్. శిల్పి ఉలిని, శాస్త్రవేత్త చూపును కలిపి చదవాల్సిన చోటు ఇది.

2వ శిలాశాసనం: మనుషులకు, పశువులకు వైద్యం, ఔషధ మొక్కల పెంపకం, దారుల వెంట బావులు, చెట్లు. కరవు సీమలో ఈ మాటలు రాతిపై నిలవడం ఎంతో విలువైన విషయం.

జాగ్రత్త: అడవులను అనవసరంగా తగలబెట్టరాదన్నది 5వ స్తంభ శాసనం. ఎర్రగుడిలో స్తంభ శాసనాలు లేవు.

రాజులమందగిరి (పత్తికొండ మండలం): లఘు శాసనం మాత్రమే. జతపరిచే ప్రశ్నకు అనువైనది.

థామస్ మన్రో: మద్రాసు గవర్నర్ (1820–27), రైత్వారీ విధానం. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మృతి. స్మారకంగా అక్కడ బావి, చింతతోపు ఏర్పాటయ్యాయి.

కర్నూలు సోలార్ పార్కు: 1000 మెగావాట్లు, 2017; ఓర్వకల్లు, గడివేముల మండలాలు.

రాజ్యాంగం: ప్రాథమిక విధుల్లో 51ఎ(ఎఫ్) సాంస్కృతిక వారసత్వం, (జి) పర్యావరణం, (హెచ్) శాస్త్రీయ దృక్పథం. మూడూ వరుసగా వస్తాయి, కలిపి గుర్తుంచుకోండి. 42వ సవరణ, 1976; స్వరణ్ సింగ్ కమిటీ. రాజ్య బాధ్యతగా పర్యావరణం: 48ఎ, అదే సవరణ. స్మారకాల రక్షణ: 49, ఇది మొదటి నుంచీ ఉంది, సవరణతో రాలేదు.