ఎనిమిది చాలు చెల్లాయ్!

చెల్లాయ్, బైనాక్యులర్స్ కొనుక్కోవాలని ఉందన్నావు. ఇంట్లో ఆ మాటెత్తితే "నీకెందుకవి?" అన్నారన్నావు. ఎందుకో నేను చెబుతాను. రామప్ప గుడికి వెళ్ళినప్పుడు చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటారు చూడు, వాళ్ళ నగల పనితనం, అందులో ఒకామె కాళ్ళకున్న ఎత్తుమడమల చెప్పులు కింద నుంచి మామూలు కంటికి సరిగ్గా ఆనవు. లేపాక్షి మండపం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు ఆడవాళ్ళకు కట్టిన చీరలున్నాయే, ఒక్కో అంచు ఒక్కో రకం. మెడ నొప్పెట్టేలా తలెత్తి చూసినా ఆ డిజైన్లు పూర్తిగా అందవు. నేలపట్టులో గూడబాతు పిల్ల తల్లి నోటిసంచిలోకి తల దూర్చి చేప తినడం దూరం నుంచి చూడాలన్నా అంతే. ఇవన్నీ చూడాలని నీకుంది. కొనుక్కోవడానికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

"ఎలాగూ డబ్బు పెడుతున్నావు, పెద్దదే కొను" అనేవాళ్ళు ఎదురవుతారు. పక్షుల్ని వెతుక్కుంటూ తెల్లవారుజామునే అడవులకు వెళ్ళేవాళ్ళకు ఆ మాట సరైనదే. కానీ 8×42 సైజుది ఒకటి ముప్పావు కిలో దాకా తూగుతుంది. భుజాన హ్యాండ్‌బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో పిల్లాడు, వీటితోపాటు దాన్నీ మెడలో వేసుకుని ఎన్నిసార్లు బయల్దేరతావు? నాలుగు రోజులకు అది బీరువా ఎక్కుతుంది. జేబులో పట్టే చిన్నవి దాదాపు మూడొందల గ్రాములే. మడిస్తే కళ్ళజోడు పెట్టె పక్కన సర్దుకుంటాయి. అన్నవరం వెళ్ళినా, అరకు వెళ్ళినా, రవీంద్రభారతిలో వెనక వరసలో కూర్చుని కూచిపూడి చూసినా నీతోనే ఉంటాయి. నీ అవసరానికి చిన్నవే కొనమంటాను.

ఇప్పుడు వాటి మీద రాసి ఉండే అంకెల సంగతి. 8×25 అంటే మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. 80 మీటర్ల దూరంలో ఉన్న కొంగ 10 మీటర్ల నుంచి చూసినట్టు కనిపిస్తుంది. రెండోది ముందువైపు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. షాపులో 8×25 పక్కనే 10×25 కూడా పెట్టి "ఇది పది రెట్లమ్మా, ధరలో పెద్ద తేడా లేదు" అంటారు. తీసుకోకు. పది రెట్లు పెంచేది కొంగ ఒక్కదాన్నే కాదు, నీ చేతి వణుకును కూడా. తేలికపాటి వస్తువు చేతిలో ఎక్కువ కదులుతుంది కూడాను. పైగా పెంచేకొద్దీ కనబడే మేర కుంచించుకుపోతుంది. చెట్టు మీద లకుముకి పిట్ట ఎక్కడుందో వెతుక్కునేలోపు అది ఎగిరిపోతుంది.

ఇంకో చిన్న లెక్క ఉంది, అది నీకు బాగా పనికొస్తుంది. 25ని 8తో భాగించు. మూడు మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది. అదే 25ని 10తో భాగిస్తే రెండున్నరే. బైనాక్యులర్స్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, కంటి అద్దం వైపు నుంచి చూస్తే అందులో చిన్న వెలుగు చుక్క కనబడుతుంది. ఆ చుక్క వెడల్పే ఈ లెక్క. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి మూడు మిల్లీమీటర్ల చుక్క సరిపోతుంది. చీకటి పడేకొద్దీ కంటిపాప ఐదు, ఆరు దాకా విచ్చుకుంటుంది, అప్పుడు చిన్న బైనాక్యులర్స్ ఇచ్చే వెలుగు దానికి చాలదు. అందుకే కొల్లేటి మీద పొద్దు వాలాక గూళ్ళకు చేరే పక్షులు ఇందులో మసకగానే కనిపిస్తాయి. లేపాక్షి మండపంలో కూడా వెలుతురు బాగా పడే వేళ చూసుకుని వెళ్ళాలి. చిన్న అద్దానికి ఈ హద్దు ఉంది. ఎంత ఖరీదైనది కొన్నా ఇది మారదు. తెలుసుకుని కొంటే తర్వాత బాధ ఉండదు.

ఎగ్జిబిషన్ స్టాళ్ళలో, టూరిస్టు చోట్ల బళ్ళ మీద ఎర్రగా మెరిసే అద్దాలతో కొన్ని అమ్ముతారు. "జూమ్, నైట్ విజన్, కిలోమీటర్ల దూరం కనిపిస్తుంది" అంటారు. ఆ ఎర్రపూత వెలుగులో ఎరుపును వెనక్కి కొట్టేస్తుంది, నీకు చేరేది పచ్చదనం కమ్మిన చప్పిడి బొమ్మ. చిన్న సైజులో జూమ్ ఉన్నవి అసలే వద్దు. ఫోకస్ చక్రమే లేకుండా వచ్చేవి కూడా వదిలెయ్యి, దగ్గరి వస్తువులు వాటిలో స్పష్టంగా రావు.

మంచిదానికి ఖరీదు ఎక్కడ పడుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే డబ్బు పెట్టేటప్పుడు ఆ డబ్బు ఎటు పోతోందో మనకు తెలియాలి. పూత లేని అద్దం మీద వెలుగు పడితే ప్రతి ఉపరితలం దగ్గరా దాదాపు 4 శాతం వెనక్కి పోతుంది. ఒక్కో గొట్టంలో అద్దాలు, పట్టకాలు కలిపి పది ఉపరితలాలున్నాయనుకో, కంటికి చేరేసరికి మూడో వంతు వెలుగు పోయినట్టే. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో పనిచేసే అలెగ్జాండర్ స్మకులా అనే శాస్త్రవేత్త అద్దానికి పల్చటి పూత వేసి ఈ నష్టాన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ మంచి కంపెనీలు ప్రతి ఉపరితలానికీ పొర మీద పొర వేస్తాయి. పెట్టె మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉండాలి. ఉత్త "కోటెడ్" అంటే ఏదో ఒక అద్దానికి ఒక పొర వేసి ఉండొచ్చు. గొట్టాలు తిన్నగా ఉండే సన్నటి రకాల్లో ఫేజ్ కోటింగ్ అని ఇంకో పూత ఉంటుంది, 1988లో జైస్ వాళ్ళే తెచ్చారు. అది ఉంటే ఈకల గీతలు, చీర అంచులు తేటగా విడివిడిగా కనిపిస్తాయి. లేకపోతే ఏదో తడిసినట్టు మెత్తగా ఉంటాయి. లోపలి పట్టకం బాక్-4 గాజుదైతే మంచిది. ఇందాక చెప్పిన వెలుగు చుక్క గుండ్రంగా ఉంటే మంచిదే, అంచులు కోసేసినట్టు నలుపలకగా ఉంటే వద్దు, షాపువాణ్ణి అడగనక్కర్లేదు.

కానీ చెల్లాయ్, అద్దాల కంటే నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది కొలతల గురించి. జాకెట్టు మన ఒంటికి కుదరాలని ఎంత పట్టుబడతామో ఇదీ మన ముఖానికి కుదరాలి. ఆడవాళ్ళలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 62 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కొందరికి ఇంకా తక్కువ. పెద్ద బైనాక్యులర్స్ చాలావాటిని ఒక మేర కంటే దగ్గరకు మడవలేం. సన్నటి ముఖాలకూ, పిల్లలకూ అవి కుదరక, ఒక బొమ్మ బదులు నల్లటి నీడలు అడ్డొస్తాయి. మధ్యలో రెండు కీళ్ళు ఉండే చిన్న రకాన్ని బాగా దగ్గరకు మడవొచ్చు, కాబట్టి అది మనకు సుఖం. రెండు గుండ్రాలు కలిసి ఒకే నిండు వృత్తంగా కనబడేదాకా మడిచి చూడు. అలా కాకపోతే ఎంత పేరున్న కంపెనీ అయినా పక్కన పెట్టు.

నీకు కళ్ళజోడు ఉంది కదా, నీ విషయంలో ఇంకోటి. కంటికీ అద్దానికీ మధ్య ఎంత దూరం ఉన్నా బొమ్మ మొత్తం కనబడుతుందో దాన్ని ఐ రిలీఫ్ అంటారు. కళ్ళజోడు వాళ్ళకు అది కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. చవక రకాల్లో పదే ఉంటుంది, కళ్ళజోడుతో చూస్తే తాళపు చెవి రంధ్రంలోంచి చూసినట్టు ఉంటుంది. కంటి దగ్గర రబ్బరు కప్పులు మెలితిప్పితే పైకీ కిందికీ కదిలేవి తీసుకో. జోడు పెట్టుకున్నప్పుడు కిందికి దించు, తీసేసినప్పుడు పైకి లేపు.

చాలామంది కొన్నాక ఏళ్ళ తరబడి ముట్టుకోని రింగు ఒకటుంది, డయాప్టర్ అని. ఎక్కువగా కుడికంటి దగ్గర ఉంటుంది. మన రెండు కళ్ళ చూపు ఒక్కలా ఉండదు కాబట్టి దాన్ని పెట్టారు. ముందు కుడివైపు గొట్టాన్ని చేత్తో మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకో. తర్వాత ఎడమవైపు మూసి, మధ్య చక్రం ముట్టకుండా, డయాప్టర్ మాత్రమే తిప్పి కుడి కంటికి స్పష్టం చేసుకో. ఒక్కసారి కుదిరాక ఇక మధ్య చక్రం తిప్పితే చాలు. ఈ పని చేయకుండానే "నాకు తలనొప్పి వస్తోంది, ఇది నాకు పడదు" అని పక్కన పడేసేవాళ్ళు ఎందరో ఉన్నారు.

షాపులో ట్యూబులైట్ కింద చూసి తీసుకోవద్దు. గుమ్మం బయటికొచ్చి చూస్తానను. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకు, పిల్లల్నీ తిప్పనివ్వకు, క్షణంలో చూపు పోతుంది. ఎదురింటి పిట్టగోడనో కరెంటు తీగనో చూస్తూ బైనాక్యులర్స్‌ను మెల్లగా కళ్ళ నుంచి కొంచెం వెనక్కి జరుపు. రెండు గొట్టాల్లోనూ ఆ గీత ఒకే ఎత్తున ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే లోపల అమరిక తప్పినట్టు. కాసేపటికే కళ్ళు లాగుతాయి. చక్రం తిప్పితే జర్రున జారకూడదు, బిగుసుకోనూ కూడదు.

ఏ కంపెనీ అని అడుగుతావు. నికాన్‌లోనూ, ఇప్పుడు ఓఎమ్ సిస్టమ్ పేరుతో వస్తున్న ఒకప్పటి ఒలింపస్‌లోనూ నీళ్ళు చొరబడని 8×25లు కొన్ని వేలల్లో దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్ళకు నేను ఇవే చెబుతాను. ఇంకాస్త పెట్టగలిగితే జైస్ టెర్రా ఈడీ 8×25, బరువు 310 గ్రాములు, బొమ్మ చాలా తేట. స్వరోవ్‌స్కీ, లైకా చిన్నవి అద్భుతంగా ఉంటాయి, ఖరీదూ అలాగే ఉంటుంది. నీ మొదటి కొనుగోలుకు అంత అక్కర్లేదు.

పెరట్లోనే ఎక్కువ గడుపుతానంటే మాత్రం పెంటాక్స్ పాపిలియో చూడు. నాకు దీని మీద ప్రత్యేకమైన ప్రేమ. 6.5×21 రకం అరమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూపిస్తుంది. మిగతావాటికి సాధారణంగా అంతకంటే చాలా ఎక్కువ దూరం కావాలి. మన కరివేపాకు మొక్క మీద నల్లటి సీతాకోకచిలుక వాలి గుడ్లు పెడుతుంది చూడు, దాని పిల్లపురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉండి శత్రువుల కళ్ళు కప్పుతుంది. ఆ పురుగు ఆకు అంచును కొరుక్కుంటూ పోవడం, మందారం మీద తేనెపిట్ట ముక్కు దూర్చడం ఇందులో చూస్తే వంటింటి పని మర్చిపోతావు. మర్చిపో, పర్వాలేదు.

కొన్నాక తుడవడం దగ్గర జాగ్రత్త. చీర కొంగుతో తుడవకు. అద్దం మీది ఇసుక రేణువు పూతను గీసేస్తుంది. ముందు చిన్న బ్లోయర్‌తో దుమ్ము ఊదెయ్యి, తర్వాతే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. కాటుక పెట్టుకుని చూస్తే కంటి అద్దాలకు జిడ్డు అంటుతుంది, ఆ రోజు సాయంత్రమే శుభ్రం చెయ్యి. మీది సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి బూజు భయం ఎక్కువ. తోలు సంచిలో పెట్టి వానాకాలమంతా బీరువాలో ఉంచితే అద్దాలకు తెల్లటి దారాల్లాంటి బూజు పడుతుంది. గట్టిగా మూతపడే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచు. నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ రకమైతే లోపలికి తేమ చేరదు, అందుకే కాస్త ఎక్కువైనా అదే కొనమంటున్నా.

పట్టుకునేటప్పుడు మోచేతులు డొక్కలకు ఆన్చు, వణుకు సగం తగ్గుతుంది. బాల్కనీలో నిలబడి ఎదురింటి కిటికీల వైపు తిప్పకు. పులికాట్ పక్కనే శ్రీహరికోట ఉంది, విశాఖలో నేవీ ఉంది, అలాంటి చోట్ల సంచిలోంచి తీయకపోవడమే మంచిది. గూళ్ళ దగ్గరకు వెళ్ళకు, దూరం నుంచి చూడటానికే కదా ఇది కొంటున్నది.

ఆడవాళ్ళకు ఇదేం సరదా అని ఎవరైనా అంటే జమాల్ ఆరా పేరు చెప్పు. బీహార్‌లో పుట్టి, ఛోటానాగ్‌పూర్ అడవుల్లో పక్షుల్ని చూసి రాసుకుని, పిల్లల కోసం నేషనల్ బుక్ ట్రస్టుకు పక్షుల పుస్తకం రాసిన మనిషి. సలీం అలీతో కలిసి మామూలు పక్షుల గురించి పుస్తకం రాసిన లయీక్ ఫతేఅలీ కూడా మహిళే. దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, హైదరాబాద్ వస్తే అమీన్‌పూర్ చెరువు. దసరాకి పాలపిట్టను ఎలాగూ వెతుకుతాం, ఈసారి అది రెక్కలు విప్పినప్పుడు ఆ నీలం ఎన్ని రకాలుగా ఉందో చూసి నాకు రాయి.

బిల్లు, వారంటీ కార్డు నీ పేరు మీదే రాయించుకో. ఇంట్లో అందరూ తీసుకుని చూస్తారు, చూడనీ. డయాప్టర్ మీద నీ కంటికి కుదిరిన గీత ఏదో చూసుకుని చిన్న నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకో. ఎవరు తిప్పేసినా మళ్ళీ ఆ చుక్క దగ్గరికి తెచ్చుకోవచ్చు.