పాత సైడువాల్వు ఇంజనుకు క్రొత్త వాల్వులు అమర్చుట

చదునైన హెడ్డు గల పాత ఇంజనులలో వాల్వులు హెడ్డునందుండవు. అవి సిలిండరు ప్రక్కన బ్లాకులోనే నిలువుగా నుండి, కామ్ షాఫ్టు టాపెట్టును ఎత్తినప్పుడు పైకి లేచును. హెడ్డు మూతవంటిది మాత్రమే. అమెరికాలో 1939వ సంవత్సరమున వెలువడిన ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు ఇంజను ఇట్టిది. నాలుగు సిలిండరులకు ఎనిమిది వాల్వులు.

ఇట్టి యంత్రమును బాగుచేయువారు కొందరు క్రొత్త వాల్వులు తెచ్చి, పాతవాని చోట నిలిపి, హెడ్డు బిగించి పని ముగిసినదనుకొందురు. నాలుగు దినములు దున్నగానే బలము తగ్గును. నింద వాల్వుపై పడును. మేము చూచినంతలో దోషము తరచుగా కాడకును టాపెట్టునకును నడిమి సందులోనే యుండును.

వేడికి కాడ పొడవగును. సందు చాలనిచో వాల్వు సీటుపై పూర్తిగా కూర్చుండదు. వాల్వు తన వేడిని ఎక్కువగా సీటునకే ఇచ్చి చల్లబడును గనుక, ఆ తాకిడి లేనిచో పొగవాల్వు అంచు మాడిపోవును. ఈ కారణముచేతనే పొగవాల్వునకు సందు సాధారణముగా ఎక్కువ.

మొదట గైడును చూడవలెను. అరిగిన గైడులో కాడ ఊగును. ఎంత నూరినను ప్రయోజనము లేదు. పిదప సీటును 45 డిగ్రీల వాలున చెక్కించి, పేస్టుతో నూరి, పేస్టును నిశ్శేషముగ కడుగవలెను. వాల్వు అంచుపై పెన్సిలుతో అడ్డుగీతలు గీసి, సీటుపై నుంచి కొంచెము త్రిప్పి చూడుడు. గీతలన్నియు చెరిగిన సరి.

నూరినకొలది వాల్వు క్రిందికి దిగి సందు తగ్గును. కావున సందును నూరిన తరువాతనే కొలవవలెను, ముందు గాదు. ఆ సిలిండరు పిస్టను కంప్రెషను చివర పైకి వచ్చినప్పుడు ఫీలరు గేజి దూర్చి చూడవలెను. ఆ ఇంజను పుస్తకమందలి అంకెయే ప్రమాణము. తొలి 9ఎన్ ఇంజనులలో టాపెట్టుకు సవరించు మర లేదు. కాడ కొననే సానపట్టవలెను. అంగుళములో వెయ్యవ వంతు, రెండు వంతులు మాత్రమే తీసి మరల కొలువుడు. కొన వంకరపోరాదు. ఎక్కువ తీసినచో సీటును ఇంకను లోతుగా చెక్కి వాల్వును దించుట తప్ప దారిలేదు. అది సీటు ఆయువును హరించును. ఒక చోటికి సరిపడిన వాల్వు మరియొక చోటికి సరిపడదు గనుక అంకెలు వేసి యుంచుడు.

పుస్తకము రెండంకెల నడుమ మేర నిచ్చినచో మేము పెద్ద అంకె వైపునకే మొగ్గుదుము. కొంత టకటక వినబడినను భయము లేదు. కొన్ని దినములు పనిచేసిన పిదప ఇంజను ప్రక్కనున్న మూత విప్పి సందులను మరల కొలువవలెను. ఇందులకు హెడ్డు తీయనక్కరలేదు.