మార్లవాయి బడి నేర్పిన పాఠము

పరీక్షా ఫలితములు వెలువడిన దినములలో ఆశ్రమ పాఠశాలల బాలబాలికలు సాధించిన విజయములను గూర్చి ఏటేటా పత్రికలలో చదువుచుందుము. చదివి సంతోషించుట సహజమే. కాని పంచాయతీ సభ్యుడు అంతటితో తృప్తి చెందరాదు. ఆ బిడ్డ ఏ గూడెము నుండి వచ్చినది? ఎవరి అండతో బడిలో నిలిచినది? ఆమెతోపాటు చేరి నడుమ ఇంటికి మరలినవారు ఎందరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని జైనూర్ మండలమునకు చెందిన మార్లవాయి గ్రామ చరిత్రయే మనకు చాలును.

బడి పుట్టిన విధము

1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీము పోలీసు కాల్పులలో మరణించెను. గోండుల అశాంతికి కారణమేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని నియోగించినది. ఆయన 1909లో వియన్నా నగరమున జన్మించినవాడు. భార్య బెట్టీతో కూడి మార్లవాయిలో గుడిసె వేసికొని, గోండీ భాష నేర్చుకొని, ఆ ప్రజలలో ఒకడై మెలగెను.

ఆయన కనుగొనిన సత్యము సులభమైనది. గోండుల కష్టములకు మూలము భూమి చేజారుట. ఆ కష్టమును రెట్టింపు చేసినది అక్షరజ్ఞానము లేకపోవుట. నాటి సర్కారు కాగితములన్నియు ఉర్దూలో నుండెడివి. ఎదుట పెట్టిన కాగితములో ఏమున్నదో తెలియక వేలిముద్ర వేసిన రైతు, తాను దున్నిన చేనికి తానే పరాయివాడయ్యెను.

బడులు పెట్టుదమన్నచో ఉపాధ్యాయులు లేరు. బయటినుండి వచ్చినవారు అడవిలో నిలువరు. నిలిచినను పిల్లల మాట వారికి తెలియదు. అందువలన 1943లో మార్లవాయిలో ఒక శిక్షణ కేంద్రము నెలకొల్పబడినది. కొద్దిపాటి చదువు వచ్చిన గోండు యువకులను చేరదీసి, ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుట దాని పని. నాగరి లిపిలో గోండీ వాచకములు తయారైనవి. మొదట ఇంటి భాషలో అక్షరములు, పిదప మరాఠీ, ఉర్దూ నేర్పిరి. సేతుమాధవరావు పగ్డి వంటి అధికారులు తామును గోండీ నేర్చి ఈ ప్రాంతమున పనిచేసిరి.

విద్యార్థుల అసలు విజయము

ఆ కేంద్రమున చదివినవారి ఘనత మార్కులలో లేదు. వారు తిరిగి తమ గూడెములకు పోయి బడులు నడిపిరి. కొందరు చిన్న ఉద్యోగములలో చేరిరి. అదే కాలమున వేలాది గిరిజన కుటుంబములకు భూమి పట్టాలు లభించినవి. పట్టా చేతికి వచ్చుట ఒక ఎత్తు. దానిని చదివి చెప్పగలవాడు ఊరిలో నుండుట మరియొక ఎత్తు. బడికి పోయిన ఒక్క యువకుడు ఊరంతటికి కన్నయ్యెను.

1956లో ఈ ప్రాంతము ఆంధ్రప్రదేశ్‌లో చేరిన పిదప బడులలో తెలుగు స్థిరపడినది. గోండీ వాచకములు క్రమముగా మూలబడినవి. తెలుగు నేర్చుట అవసరమే. అయినను ఇంటి భాష అను మొదటి మెట్టు తొలగించినచో, చిన్న బిడ్డ పై మెట్టు ఎక్కలేక వెనుదిరుగునని ఉపాధ్యాయులందరు ఎరుగుదురు.

వసతితో కూడిన చదువు

బిడ్డను బడిలోనే ఉంచి, భోజనము, వసతి, చదువు ఒక్కచోట కల్పించు పద్ధతి తరువాత విస్తరించినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మన ప్రాంతపు మొదటి ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమైనది. ఉట్నూరు కేంద్రముగా గల సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో నేడు ఆశ్రమ పాఠశాలలు అనేకములు నడుచుచున్నవి.

ఈ పద్ధతి ఎంతటి ఫలము నీయగలదో 2014 మే 25న లోకము చూచినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ నాడు ఎవరెస్టు శిఖరమును అధిరోహించినది. అప్పటికామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ కూడ శిఖరము చేరెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. భువనగిరి గుట్టపై మొదటి పాఠము, డార్జిలింగులో శిక్షణ, లడఖ్ చలిలో అభ్యాసము — ఇన్ని మెట్లు దాటినగాని వారికి ఆ విజయము లభింపలేదు. కూలి కుటుంబపు బిడ్డకు శక్తి లేక కాదు, అవకాశము లేకయే వెనుకబడుచున్నదని దీనివలన తెలియుచున్నది.

మరియొక పార్శ్వము

నాణెమునకు రెండవ వైపును దాచరాదు. 2024లో మన జిల్లాలోనే ఒక ఆశ్రమ పాఠశాలలో భోజనానంతరము పలువురు బాలికలు అస్వస్థులైరి. వారిలో ఒక బాలిక కొన్ని వారములు చికిత్స పొంది, హైదరాబాదులో కన్నుమూసినది. తల్లి తన బిడ్డను మన మాట నమ్మి బడికి పంపినది. ఆ నమ్మకము చెడినచో ఎన్ని భవనములు కట్టినను బల్లలు ఖాళీగానే ఉండును.

పంచాయతీ చేయవలసినది

ఇది మన అధికారములోనిదా యని కొందరు సభ్యులు సందేహింతురు. షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీలకై 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టము, సాంఘిక రంగములలోని సంస్థలపైనను, సిబ్బందిపైనను గ్రామసభకును, తగిన స్థాయి పంచాయతీకిని అధికారము ఉండవలెనని స్పష్టముగ చెప్పినది. కనుక సంకోచము వలదు. ఈ క్రింది పనులు ప్రతి పంచాయతీకి సాధ్యములే.

ఒకటి: మీ గ్రామము నుండి వసతి పాఠశాలలలో చదువుచున్న పిల్లల పట్టిక తయారు చేయుడు. దీపావళి వేళ దండారికి వచ్చిన పిల్లలు, పత్తి తీయు దినములలో ఇల్లు చేరిన పిల్లలు మరల బడికి పోయిరా? వారము దాటినచో వార్డు సభ్యుడు ఆ ఇంటికి పోయి కారణము తెలిసికొనవలెను.

రెండు: నెలకొకసారి, ముందుగా చెప్పకుండ, వంటశాలను, నీటి తొట్టిని, మరుగుదొడ్లను చూడుడు. పిల్లలతో కూర్చుండి ఆ భోజనమే భుజింపుడు. లోపము కనిపించినచో వార్డెనును పిల్లల ఎదుట నిందింపక, వ్రాతపూర్వకముగ తెలిపి, మరుసటి నెల సరిచూడుడు. వంటవారు లేకయో, సరుకులు రాకయో వార్డెను ఇబ్బంది పడుచున్నచో ఆ మాటయు పై అధికారులకు చేరవేయుడు.

మూడు: వానకాలములో దోమతెరలు ఉన్నవేమో విచారింపుడు. గిరిజనులలో కనిపించు సికిల్ సెల్ రక్తవ్యాధికి పిల్లలందరికి పరీక్ష జరిగినదా యని ఆరోగ్య సిబ్బందిని అడుగుడు. జ్వరము వచ్చిన బిడ్డ ఆసుపత్రి చేరుటలో ఒక్క పూట ఆలస్యము కారాదు.

నాలుగు: చిన్న తరగతుల పిల్లలతో గోండీ, కొలామీ మాట్లాడగలవారు బడిలో ఒకరైనను ఉండవలెను. పొరుగున నార్నూరు మండలపు గుంజాలలో వెలుగుచూచిన గోండీ లిపికి 2018లో కంప్యూటరు అక్షరములలో స్థానము లభించినది. గుస్సాడీ నాట్యమునకు 2021లో పద్మశ్రీ పురస్కారము పొందిన కనకరాజు మార్లవాయి వాస్తవ్యుడే. 2024లో ఆయన గతించినను ఆ విద్య గతింపరాదు. ఊరి పెద్దలను బడికి పిలిపించి పిల్లలకు చెప్పింపుడు.

ఐదు: పదవ తరగతి నెగ్గిన బాలికకు పెండ్లి మాట తలపెట్టకముందే పై చదువు మాట తలపెట్టుడు. గ్రామసభలో ఆమెతోపాటు ఆమె తల్లిదండ్రులను గౌరవింపుడు. నడుమ చదువు మానిన బిడ్డ పేరును కూడ అదే సభలో తలచుకొని, మరల చేర్చు పూచీ ఒక సభ్యునికి అప్పగింపుడు.

బెట్టీ 1987లో మరణించినపుడు ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో గతించిన హైమన్‌డార్ఫ్ చితాభస్మమును 2012లో ఆమె చెంతకే చేర్చిరి. ఏటేటా ఆ సమాధులపై పూలుంచుట మంచిదే. కాని వారు గుడిసెలో కూర్చుండి కోరినది పూలు కాదు. తన కాగితమును తానే చదువుకొనగల గోండు బిడ్డను. మీ గ్రామమున అట్టి బిడ్డ ఒక్కటియు బడి విడువకుండ చూచినచో, మార్లవాయి బడి నేర్పిన పాఠము మీకు వచ్చినట్లే.