ఉమ్మడి సర్వరులో కట్టే మేనల్లునికి

సూర్యాపేటలో ఇంటర్మీడియట్ చదువుతున్న చిరంజీవి మేనల్లునికి మిర్యాలగూడ నుండి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. మైన్‌క్రాఫ్ట్ ఆటలో అందరూ కలిసి కట్టుకొంటున్న సర్వరును కోదాడ మిత్రులు విడిచి వెళ్ళిపోయారనీ, పోతూ పోతూ "నీ చెరకు ఫారం వల్లే మాకు ల్యాగ్" అన్నారనీ, ఆ మాట విన్నప్పటి నుండి అన్నం సహించడం లేదనీ చిరంజీవి వ్రాసిన ఉత్తరం చదివి ఇంట్లో అందరూ కలవరపడ్డారు. తప్పెవరిదన్న తగవులోకి దిగే ముందు, ఒకరి కట్టడం వేరొకరి ఆటను ఎలా మందగింపజేస్తుందో తెలుసుకోవడం అవసరం.

ల్యాగ్, అంటే జాప్యం, మూడు చోట్ల పుడుతుంది. ఆడేవాని కంప్యూటరు బొమ్మను త్వరగా గీయలేకపోవడం ఒకటి. ఇంటర్నెట్టులో సందేశాలు ఆలస్యంగా పోయి రావడం, అంటే పింగ్ పెరగడం, రెండవది. అందరి లెక్కలూ చేసే సర్వరే అలసిపోవడం మూడవది. కొట్టిన ఇటుక మళ్ళీ ప్రత్యక్షమవుతూ, ఆవులూ పొయ్యిలూ అందరికీ ఒకేసారి నెమ్మదిస్తే అది మూడవ రకం, కోదాడ పిల్లలు చెప్పినది కూడా అదే. సర్వరు సెకనును 20 భాగాలు చేసుకొంటుంది. 50 మిల్లీసెకన్ల ఆ భాగాన్ని టిక్ అంటారు. ఆటగాళ్ళ చుట్టూ మేలుకొని ఉన్న చంకులన్నిటిలో, అంటే పొడవునా వెడల్పునా 16 గడులుండే నేల ముక్కలన్నిటిలో, పశువుల నడకా పైరుల పెరుగుదలా నీటి ప్రవాహమూ రెడ్‌స్టోన్ తీగల సంకేతాలూ ఆ ఒక్క టిక్కులోనే లెక్క తేలాలి. జావా ఎడిషన్‌లో ఈ పని చాలావరకు ఒకే వరుసలో సాగుతుంది కనుక, ఎక్కువ కోర్లున్న యంత్రాన్ని అద్దెకు తెచ్చినా కలిగే మేలు కొద్దిపాటిదే. టిక్కుకు 100 మిల్లీసెకన్లు పడితే లోకమంతా సగం వేగానికి పడిపోయి, 10 సెకన్లలో ఇనుము కరగవలసిన పొయ్యికి 20 సెకన్లు పడుతుంది. ఆ పొయ్యి దగ్గర నిలబడినవానికీ చెరకు ఫారానికీ ఏ సంబంధమూ లేకపోయినా, నష్టపడేది మాత్రం అతడే.

ఇక చెరకు ఫారం సంగతి. చెరకును తెంపే పిస్టన్లన్నీ రెండు సెకన్లకొకసారి కొట్టేలా క్లాకు, అంటే ఆగకుండా సంకేతం పంపే తీగచుట్టు, పెట్టినట్టు చిరంజీవి వ్రాశాడు. ఆటలో చెరకు ఒక గడి ఎదగడానికి సగటున సుమారు 18 నిమిషాలు పడుతుంది; అంతసేపూ ఆ పిస్టన్లు గాలిని కొడుతూ, ప్రతి దెబ్బకూ చుట్టుపక్కల గడులన్నిటినీ మళ్ళీ లెక్కించవలసిన భారం సర్వరుపై వేస్తుంటాయి. క్లాకు తీసివేసి, ఒక మొక్క మూడవ గడి ఎత్తున అబ్జర్వర్‌ను, అంటే ఎదుట మార్పు జరిగినప్పుడే సంకేతమిచ్చే ఇటుకను, అమర్చితే వరుస మొత్తం అవసరమైనప్పుడు మాత్రమే కోతకు వస్తుంది.

వరుస కింద పరిచిన హాపర్లు అంతకన్నా బరువు. హాపరు పైనున్న వస్తువును లాగి పక్క పెట్టెకు అందించే గరాటు. అది 8 టిక్కులకు ఒక వస్తువును కదిలిస్తుంది, అయితే ఖాళీగా ఉన్నప్పుడు కూడా పైన ఏదైనా పడిందా అని వెతుకుతూనే ఉంటుంది. తెగిన చెరకును నీటి కాలువ మోసుకొని వచ్చి చివర ఉన్న ఒకే హాపరులో పడవేస్తే తక్కినవన్నీ తీసివేయవచ్చు. తీయడానికి వీల్లేని వాటి పైన కంపోస్టరును, అంటే ఎరువు తొట్టిని, పెడితే హాపరు నేలమీది వస్తువుల వెతుకులాట మాని ఆ తొట్టిలోకి మాత్రమే చూస్తుంది. రెడ్‌స్టోన్ సంకేతం అందిన హాపరైతే పూర్తిగా ఆగిపోతుంది.

అన్నిటికన్నా మేనమామను బాధించినది వేరొకటి. రాత్రి ఆటలోని బొమ్మను ఫారం పక్కన నిలబెట్టి చిరంజీవి నిద్రపోతున్నాడట. మనిషి దగ్గర లేకపోతే ఆ చంకులు ఆగిపోయేవే. బొమ్మ నిలబడి ఉన్నందువల్ల తెల్లవార్లూ అవి నడుస్తాయి, ఆ వేళ కోదాడలో మేలుకొని ఆడుకొనేవాడు ఆ భారం మోస్తాడు. మన కాలువ నీటి విషయంలోనూ ఇలాగే జరిగేది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ, మిర్యాలగూడ మీదుగా హుజూర్‌నగర్, కోదాడ దాటి ఖమ్మం వైపు పోతుంది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుండి ఆ దారిలో చివరి ఆయకట్టు రైతు కష్టం తెలియని ఇల్లు లేదు. పైతట్టున ఒకరు మడి నిండిన తరువాత కూడా తూము మూయకుండా పడుకొంటే నీరు వృథాగా వాగులో కలిసేది, కింద నారు ఎర్రబడేది. ఆ రోజులలో చిరంజీవి తాతగారు లాంతరు పట్టుకొని, మీసాలైనా రాని మేనమామను వెంటబెట్టుకొని, రాత్రిళ్ళు మేజరు కాలువ గట్టు పొడవునా నడిచేవారు. తూము తెరిచి ఉన్న ప్రతి చోటా ఆయన రైతును మెల్లగా లేపి, ముందు పిల్లల బాగోగులు అడిగి, ఆ తరువాతే షట్టరు సంగతి ఎత్తేవారు. తెల్లవారాక కోదాడలో చాయ్ తాగుతూ కూడా ఎవరినీ పేరుపెట్టి నిందించేవారు కారు. నీరు తక్కువైన ఏళ్ళలో అధికారులు పాటించే ఆన్ అండ్ ఆఫ్ పద్ధతి, అంటే కొన్నాళ్ళు వదిలి కొన్నాళ్ళు ఆపడం, ఆ చివరి మడుల కోసమే. అందువల్ల చిరంజీవి కట్టే ప్రతి యంత్రానికీ ఒక లీవరు ఉండాలి, అది కంటికి కనిపించే చోట ఉండాలి, దాని పక్కన "ఎవరైనా ఆపవచ్చు" అనే బోర్డు ఉండాలి, సర్వరు నుండి వెళ్ళే ముందు దాన్ని కిందికి దించడం అలవాటు కావాలి.

మిగిలినవి చిన్నవి. ఆటలో గదులలో బంధించిన గ్రామస్థులు మంచానికీ పనిబల్లకూ దారి వెతుకుతూనే ఉంటారు కనుక వ్యాపారానికి అవసరమైనంతమందే చాలు. ఆవులను ఒకే గుంతలో కుక్కితే ఒకదాన్నొకటి తోసుకొనే లెక్క పెరుగుతుంది. నేలపై పారవేసిన వస్తువులు మాయం కావడానికి 5 నిమిషాలు పడుతుంది కనుక కుప్పలు పోయకుండా ఏరుకోవడం మేలు.

ఆట పనికిమాలినదని చిరంజీవి తల్లి అంటున్నా మేనమామ అభిప్రాయం అది కాదు. ఈ ఆటను తయారుచేసిన మోజాంగ్ అనే స్వీడన్ సంస్థను మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొన్నది 2014లో, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన ఏడాదిలోనే. నీటి కాలువ తవ్వి చెరకు పండించే ఆలోచన వచ్చిన పిల్లవాని బుర్రపై ఇంట్లో అందరికీ గర్వమే; అయితే పరీక్షల ముందు కళ్ళు పాడుచేసుకోకూడదు, వేళకు తినాలి.

ఆదివారం కోదాడ పిల్లలకు ఫోను చేసి, స్పార్క్ అనే ఉచిత పనిముట్టును సర్వరు నడిపేవానితో పెట్టించి, ఫారం నడుస్తుండగా ఒకసారి, లీవరు దించిన తరువాత మరొకసారి, టిక్కుకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతున్నాయో అందరి ముందూ చూడవలసినది. అంకె తగ్గితే చిరంజీవి మార్పులు చేస్తాడు. తగ్గకపోతే భారం మరెక్కడిదో స్పార్కే చూపుతుంది, అప్పుడు కూడా మాట మెత్తగానే ఉండాలి. సంక్రాంతికి అత్తయ్య సకినాలు చేస్తానన్నది. ఆ పిల్లలను కూడా బస్సెక్కించి మిర్యాలగూడకు తీసుకొని రావలసినది.

ఇట్లు,
ఆశీస్సులతో
మేనమామ