ఏ డబ్బు ఎక్కడ దాచాలి?

మార్చి నెల. రెండు పొట్టేళ్ళు అమ్మితే 18 వేలు వచ్చాయి. రాత్రి అన్నాలయ్యాక అత్తా కోడలూ ఆ డబ్బు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"అంతా పొదుపు సంఘంలో ఫిక్సుడు డిపాజిట్ చేసేద్దాం. వడ్డీ ఎక్కువ గదా!" అంది అత్త.

"పోయినేడు అట్లా చేసే గదా అత్తా, చిక్కుల్లో పడ్డాం" అంది కోడలు.

నిజమే. పోయినేడు సంఘంలో 10 వేలు ఏడాదికి డిపాజిట్ చేశారు. నాలుగు నెలలకే పాపకు విషజ్వరం వచ్చింది. ఆస్పత్రికి 6 వేలు కావాలి. గడువుకు ముందే డిపాజిట్ తీస్తే వడ్డీ పోతుందని భయపడ్డారు. ఊళ్ళో నూటికి 5 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. అంటే నెలకు 300. ఎనిమిది నెలలకు 2,400. డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ ఎంత? 800! డిపాజిట్ తీసేసుకున్నా ఇంత నష్టం లేదు. డిపాజిట్ కాగితం మీద సంఘంలోనే అప్పు అడిగినా ఇంత నష్టం లేదు. ఆ సంగతి వాళ్ళకు అప్పుడు తెలియదు.

"ముందు వడ్డీ చూడొద్దు అత్తా. ఏ డబ్బు ఎప్పుడు కావాలో చూద్దాం" అంది కోడలు. పాప పలక తీసుకుని రాసింది.

జ్వరాలు చెప్పి రావు. అందుకు 5 వేలు సేవింగ్సు ఖాతాలో ఉండాలి. వడ్డీ తక్కువే. కానీ కావాలన్నప్పుడు చేతికొస్తుంది. తొలకరికి విత్తనాలు, ఎరువులు కొనాలి. దానికి 8 వేలు. మూడు నెలల డిపాజిట్ చాలు. ఏడాదికి వేస్తే విత్తనాలకు మళ్ళీ అప్పే.

మిగిలిన 5 వేలు పాపకు. పాపకు ఆరేళ్ళు. పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా 2015లో మొదలయింది. ఆడపిల్లకు పదేళ్ళు నిండక ముందే తెరవాలి. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టాలి. 15 ఏళ్ళు కట్టాలి. ఖాతా తెరిచిన 21 ఏళ్ళకు గడువు తీరుతుంది. పాపకు 18 ఏళ్ళు నిండితే పైచదువుకు సగం దాకా తీసుకోవచ్చు. ఈ డబ్బు మధ్యలో చేతికి రాదు. పెళ్ళిళ్ళకూ పండగలకూ ఖర్చయిపోదు. అదే దీనిలో మేలు!

"సంఘం మునిగితేనో?" అంది అత్త.

మంచి ప్రశ్నే. బ్యాంకులో డబ్బుకు బీమా ఉంది. 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా. పోస్టాఫీసు డబ్బుకు ప్రభుత్వమే పూచీ. పొదుపు సంఘానికి ఆ బీమా లేదు. 1995 చట్టం కింద ఏర్పడిన సంఘాలకు సభ్యులే యజమానులు. కాబట్టి లెక్కలు సభ్యులే అడగాలి. ఏటా ఆడిట్ అయిందా? బాకీలు వసూలవుతున్నాయా? మహాసభకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే ఈ సంగతులు ఎవరు చెబుతారు?

మర్నాడు ఇద్దరూ సంఘానికి వెళ్ళారు. డబ్బు కట్టారు. లెక్కలు రాసే అమ్మాయి పాసుపుస్తకాలు ఇచ్చింది. కోడలు బయలుదేరబోయింది. అత్త కదల్లేదు. పుస్తకం విప్పి, వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది.

"అమ్మాయ్, విత్తనాల డబ్బు 8 వేలు కట్టాం. ఇక్కడ 800 అని ఉంది. ఒక సున్నా తగ్గింది చూడు."

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. తప్పు కొట్టేసి, సరిగా రాసి, పక్కన సంతకం పెట్టింది. అత్త మళ్ళీ ఒకసారి చదువుకుని పుస్తకం సంచిలో పెట్టుకుంది.