వంతు తప్పని మామయ్య

పోయినవాళ్ల గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనం తొందరపడతాం. "మీ మామయ్య దేవుడురా, అంత మంచివాడు" అనేసి ఊరుకుంటాం. పిల్లలు విని తలూపుతారు గానీ, వాళ్లు పట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు. ఆ మంచితనం ఏ రోజు, ఎవరి ముందు నిలబడింది, దానికి ఆయన ఏం వదులుకున్నాడు, అది చెప్పండి.

మా మేనమామ గోదావరి డెల్టాలో కాలువ లస్కరు, అంటే తూములు తెరిచి మూసే ఉద్యోగి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. అక్కడి నుంచి కాలువల్లోకి దిగే నీరు దాదాపు 10 లక్షల ఎకరాలను తడుపుతుంది. సార్వాకు, అంటే వానాకాలం పంటకు, ఇబ్బంది తక్కువ. రెండో పంట దాళ్వా నాటికి నది సన్నబడుతుంది, సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. అప్పుడు వంతులు పెడతారు. పై పొలాలవాళ్లు తూము కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచితే చాలు, శివారు పొలాలు నెర్రెలిస్తాయి. ఆఫీసు లెక్కల్లో లస్కరు చిన్న ఉద్యోగే. శివారు రైతుకు మాత్రం ఆ ఏటి పంట అతని చేతిలో ఉంటుంది.

మామయ్య రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరిగేవాడు. మా పొలం కాలువ పైభాగంలోనే ఉండేది. ఒక దాళ్వాలో చేను పొట్ట మీద ఉండగా నీళ్లు తగ్గాయి. ఒక్క రాత్రి తూము చూసీచూడనట్టు వదిలెయ్యమని నాన్నగారు అడిగారు. "నీ వంతు ఎల్లుండి బావా. ఈ రాత్రి శివారోళ్లది" అన్నాడట మామయ్య. కోతలయ్యేదాకా నాన్నగారు బామ్మర్దితో మాట్లాడలేదు. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయింది. మామయ్య మాత్రం ఉగాదికి ఎప్పటిలాగే వచ్చాడు, పలకరింపు లేకపోయినా అక్క చేతి భోజనం తిని వెళ్లాడు. కోపం తెచ్చుకోలేదు, మాటా మార్చుకోలేదు.

ఈ సంగతి మా పిల్లలకు చెప్పింది నాన్నగారే, మామయ్య పెద్దకర్మ నాడు. "నా చేను కొంత ఎండింది. అయినా వాడు చేసిందే న్యాయం" అన్నారు. నష్టపోయిన మనిషి అన్న ఆ మాట ముందు మా పొగడ్తలన్నీ తేలిపోయాయి. అందుకే మీ పిల్లల్ని మీ ఇంటి కబుర్లతోనే సరిపెట్టకండి. పోయిన మనిషితో పనిచేసినవాళ్ల దగ్గరికి, ఆయన వల్ల మేలు పొందినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఆయనతో తగవు పడినవాళ్లు ఉంటే వాళ్లనూ మాట్లాడనివ్వండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త అవసరం. "మామయ్య ఊరెళ్లాడు", "నిద్రపోయాడు" అని చెప్పకండి. పోయినవాళ్లు తిరిగి రారన్నది నాలుగైదేళ్ల పిల్లలకు సరిగా తెలియదు. ఊరెళ్లాడంటే గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు, నిద్రపోయాడంటే పడుకోవడానికే భయపడవచ్చు. చనిపోయాడని మెల్లగా, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పండి. మీకు ఏడుపొస్తే వాళ్ల ముందు ఏడవండి, తప్పులేదు.

పోయిన మనిషి లోపాలనూ దాచొద్దు. మా మామయ్య చుట్ట మానలేకపోయాడు. డాక్టరు చెప్పినా, అత్తయ్య బతిమాలినా వినలేదు. ఆ మాట కూడా మా పిల్లలకు తెలుసు. ఏ లోపమూ లేని మనిషిని చూపిస్తే, మంచిగా ఉండడం తమలాంటివాళ్ల వల్ల కాదనుకుంటారు పిల్లలు. చుట్ట మానలేని మనిషే సొంత బావకు వంతు దాటనివ్వలేదంటే, తామూ చేయగలమన్న ధైర్యం వస్తుంది.

ఇక కష్టమైన సంగతి మన నడవడి. మామయ్య న్యాయం గురించి రాత్రి కథగా చెప్పి, వచ్చే నెల తిరుమల వెళ్లడానికి తెలిసినవాళ్ల చేత సిఫారసు ఉత్తరం రాయించుకుంటే, పిల్లలకు కథ గుర్తుండదు, ఉత్తరం గుర్తుంటుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని వరసలో నిలబడండి. కాళ్లు నొప్పులంటారు, పక్కవాళ్లు ముందుకెళ్లిపోతున్నారని అలుగుతారు. మామయ్య ఆ రాత్రి గట్టు మీద ఎలా నిలబడ్డాడో చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఈ వరస పాఠం అందరికీ నప్పకపోవచ్చు. మీ మామయ్యో బాబాయో అప్పు చెప్పిన రోజుకే తీర్చే మనిషి అయ్యుంటే, మీ ఇంటి పాలవాడి లెక్క ఆ రోజుకే తీర్చి, డబ్బు పిల్లల చేతుల మీదుగా ఇప్పించండి. ఒక్క గుణం చాలు. ఏడాదిలో అన్నీ నేర్పాలని కూర్చుంటే ఏదీ నిలవదు.

ఈ కబుర్లకు మన ఆచారాల్లోనే చోటుంది. భాద్రపద బహుళంలో వచ్చే మహాలయ పక్షంలో తండ్రి, తాతలకే కాదు, పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, గురువు, స్నేహితుడు వీళ్లందరికీ తర్పణం వదులుతారు. ఏ పేరు ఎవరిదో పిల్లలకు తెలియకుండానే ఆ తంతు ముగిసిపోతోంది చాలా ఇళ్లలో. ఈసారి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ ఇంట్లో సమాధుల పండుగో షబే బరాతో జరుపుకుంటే ఆ రోజున కూర్చోబెట్టుకోండి. మామయ్య పేరు వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఆయన చేసిన ఒక్క పని చెప్పండి.